పాలు పొంగిన సొరంగం

పై అక్షరం

మధ్యాహ్నం సిగ్నల్ స్తంభం దగ్గర నిలబడి కళ్ళ పరీక్ష అట్ట చూశాను. పైనున్న పెద్ద అక్షరం ఒక్కటే కనిపించింది. దాని కింది వరుసలన్నీ బూడిదలో బూడిద. నిన్నా అంతే. పోయినేడూ అంతే.

నా ఉద్యోగం ఇదే. ఒకప్పుడు డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను కాబట్టి, ఆకాశం మూసుకుపోయాక వెలుగు ఎంత మిగిలిందో కొలిచే పని నాకు అంటగట్టారు. కొలవడానికి పరికరాలు లేవు. స్టేషన్ మాస్టరు గదిలో ఈ అట్ట దొరికింది. ఎన్నో వరుస దాకా చదవగలిగితే ఆ రోజు వెలుగు అంత. నా కళ్ళు మసకబారితే లోకం చీకటైపోయినట్టు రాసుకుంటామన్నమాట. ఆ మాటే చైర్మన్ విశ్వంభరరావుతో అంటే, "మేడమ్, మీరు మరీను" అని నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

మేం ఉండేది ఘాట్ లైనులో ఆగిపోయిన రైల్లో. బూడిద కురిసిన రోజు ఆగింది, మళ్ళీ కదల్లేదు. కుటుంబానికో బోగీ ఉంది. బోగీలు ఎక్కువై కాదు, జనం తక్కువై. ఎస్ ఫైవ్‌లో నేనూ, నా మనవరాలు ఉత్పలా ఉంటాం. మూడంతస్తుల బెర్తులు, ఇద్దరు మనుషులు. పై బెర్తు మీద ఎండబెట్టిన పుట్టగొడుగులు నిద్రపోతాయి.

పొద్దున్నే పైడిరాజు మా బోగీ పైకెక్కి బూడిద ఊడ్చాడు. ఊడవకపోతే కప్పు కూలుతుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అలాగే కూలాయి. కప్పు మిగిలినవి ఈ రైలూ, దాని వెనక అవతలి కొస పూడిపోయిన సొరంగమూ. పైడిరాజు సొరంగం మనిషి. మనిషి అనడం అలవాటు కొద్దీ.

దిగాక గుమ్మం ముందు నిలబడ్డాడు. "అయిపోయిందండీ, మేడమ్ గారూ."

"రా నాయనా, లోపలికొచ్చి కాస్త కాఫీ తాగి వెళ్దువు గాని."

"ఉండనివ్వండి. మళ్ళొస్తానండి."

నా వాక్యంలో ఎన్ని అబద్ధాలో. కాఫీ మా దగ్గర లేదు. ఉన్నా అతను తాగడు. తాగేవాడైనా లోపలికి రాలేడు.

తర్వాతి వాళ్ళెవరైనా ఇది చదువుతారేమో, రాసి ఉంచుతాను. మొదటి చలికాలంలో ఒక జబ్బు వచ్చింది. సోకినవాళ్ళు చావరు, ముసలివాళ్ళు కారు. అన్నం సయించదు, నెత్తురు తాగుతారు. ఎండ తగిలితే మాడి మసైపోతారు. ఎండే లేదు గనక పగలంతా తిరుగుతారు. మేం వాళ్ళను చీకటివాళ్ళంటాం. ఇంటి యజమాని పిలవందే ఏ గడపా దాటలేరు. ఎందుకని అడిగితే భౌతికశాస్త్రంలో దీనికి పాఠం లేదు. పైగా నోటితో పిలిస్తే చాలదు, పిలుపు నిజమై ఉండాలి. మన మర్యాదలకు ఇంతకంటే తలవంపు ఉందా? రైలు పొడుగునా అందరం "రండి, కూర్చోండి, భోంచేసి వెళ్ళండి" అనేవాళ్ళమే. నాకు తెలిసి ఇన్నేళ్ళలో ఒక్కరూ ఒక్క గడపా దాటలేదు.

ఒప్పందం ప్రకారం వాళ్ళు బూడిద ఎత్తిపోస్తారు, కింది పట్నం శిథిలాల్లోంచి సామాను మోసుకొస్తారు. బదులుగా మేం వంతుల వారీగా నెత్తురు ఇస్తాం. నర్సు రోహిణమ్మ సూది గుచ్చి సీసాలోకి తీస్తుంది. నా వంతు పోయిన వారం అయింది. ఏమీ అనిపించలేదు. సూది కూడా.


రెండో వరుస

రెండో వరుసలో ఒక అక్షరం కనిపించింది. నా కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చూశాను. ఉంది.

ఉత్పలకు చెప్పలేదు. ఆ పిల్ల పని ఆ పిల్లది. గుమ్మంలో వామనగుంటల పీట వేసుకుని కూర్చుంది. పీట సగం లోపల, సగం బయట. ఇటు ఉత్పల, అటు ఫుట్‌బోర్డు మీద పైడిరాజు. చింతగింజలు పంచుకుంటూ వచ్చేసరికి లోపలి గుంటల దగ్గర అతని చెయ్యి ఆగిపోతుంది, గాజు పలక అడ్డున్నట్టు. మిగతా గింజలు అతని తరఫున ఉత్పలే వేస్తుంది.

"ఒకటి నొక్కేశావు" అన్నాడు.

"చూశావా?"

"సూడకపోతే ఏటి, నాలుగేళ్ళ నుంచీ నొక్కేస్తన్నావు కదేటి."

"మరి అడగవేం?"

"అడిగితే ఆట ఆపేస్తావని."

పైడిరాజు ఈ లైను మీద గ్యాంగ్‌మన్‌గా చేసేవాడు. జబ్బు సోకేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఇప్పటికీ ఇరవై ఎనిమిదే. నాలుగేళ్ళ కిందట పట్టాల వెంట నడిచొచ్చి సొరంగంలో చేరాడు. ఉత్పలకిప్పుడు ఇరవై నాలుగు. జుట్టు నెరవని అల్లుడు, పెట్టుపోతలు అడగడు, పండక్కి పిండివంటలు అక్కర్లేదు. సంబంధంగా చూస్తే వంక పెట్టడానికి ఒక్కటే ఉంది.

ఆ ఒక్కటీ రాస్తాను. ఉత్పల తల్లి, నా కూతురు వైదేహి, మొదటి చలికాలంలో నీళ్ళకని దిగి తిరిగి రాలేదు. పట్టాల పక్కన దొరికింది. ఒంట్లో చుక్క లేదు. చేసిందెవరో తెలియదు. అప్పటికి ఒప్పందాలు లేవు, పేర్లు కూడా లేవు. ఆ రోజు నుంచీ నాకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. వెటకారం ఒక్కటి మిగిలింది. అది ఉద్వేగం కాదు, వృత్తిరోగం.


మూడో వరుస

మూడో వరుస. దాచడానికి లేదు, అందరికీ తెలిసిపోయింది. మొహాలు కనిపిస్తున్నాయి మరి. రోహిణమ్మ నన్ను చూసి "ఇంత ముసలైపోయారేంటి మేడమ్!" అంది. "నువ్వు చూడటం ఇప్పుడు మొదలుపెట్టావు తల్లీ" అన్నాను.

సాయంత్రం విశ్వంభరరావు వచ్చాడు. కింది బెర్తు మీద కూర్చుని, కండువా సర్దుకుని, గొంతు తగ్గించాడు.

"ఎండ వస్తుందంటారా మేడమ్?"

"వచ్చేట్టే ఉంది."

"వస్తే నాట్లు వేసుకుంటాం. బూడిద ఊడ్చే పని ఉండదు. అప్పుడిక వాళ్ళతో మనకేం పని?"

"వాళ్ళకు మనతో ఉంటుందిగా."

"అదే నా భయం. పగలంతా సొరంగంలో పడుకుని చీకటి పడ్డాక లేస్తారు. వంతులివ్వడం మానేస్తే ఊరుకుంటారా? చంపాలని నాకు లేదు మేడమ్. చీమను చంపినా పాపమే." వేలితో సొరంగం వైపు చూపించాడు. "సొరంగం ఎవరిదీ కాదు గనక వాళ్ళుంటున్నారు. మనదైతే?"

అర్థం కాలేదు.

"మొదట్లో గార్డు పెట్టెలో కూడా ఉండేవాళ్ళు, గుర్తుందా? రోహిణమ్మ ముహూర్తం పెట్టి పాలు పొంగించింది. ఆ రోజు నుంచీ ఒక్కడు ఎక్కలేకపోయాడు. ఎవరు పొంగిస్తే ఇల్లు వాళ్ళది. సొరంగానికి ద్వారబంధం నిలబెడదాం, మామిడాకులు లేవు గనక రంగుతో వేద్దాం, గడపకు పసుపు రాద్దాం, పాలు పొంగిద్దాం. వాళ్ళను ఆ రోజు పట్నానికి సామాను కోసం పంపిస్తాను. తిరిగొచ్చేసరికి అది ఇల్లు. అంతే. మనం ఎవరినీ ఏమీ చెయ్యలేదు. ఇల్లు కట్టుకున్నాం."

నలభయ్యేళ్ళు పాఠాలు చెప్పాను. గృహప్రవేశంతో మనుషుల్ని చంపొచ్చని ఏ విద్యార్థీ నాకు చెప్పలేదు. తెలివైనవాడే.

"పాలు మీరు పొంగించాలి" అన్నాడు.

"భర్త పోయినదాన్ని, దేవుణ్ణి నమ్మనిదాన్ని. శాస్త్రం ఒప్పుకుంటుందా?"

"ఇప్పుడవన్నీ ఎవరు చూస్తారు మేడమ్? రోహిణమ్మ అయితే మెత్తన. ఎవరైనా ఏడిస్తే పిలిచేస్తుంది. నేనూ అంతే, ఒప్పుకుంటాను. మీరైతే..." నా మొహం వైపు చూడకుండా అన్నాడు. "నాలుగేళ్ళుగా ఆ కుర్రాణ్ణి రోజూ లోపలికి రమ్మంటున్నారు. ఒక్క రోజూ రాలేకపోయాడు. అందరం చూశాం. అమ్మాయిగారి సంగతీ అందరికీ తెలుసు. మీరు పిలవలేరు."

సరే అన్నాను. చారులో ఉప్పు చూడమంటే సరే అన్నట్టు.


మళ్ళీ మూడో వరుసే

గృహప్రవేశం అయింది.

పాలపొడి డబ్బా ఒకటి మిగిలి ఉంది, చంటిపిల్లల కోసం దాచింది. దాన్ని కలిపారు. ద్వారబంధం నిలబడింది. దానికి పాత బెర్తుల చెక్కతో తలుపు. సొరంగం రాతి మీద రంగుతో మామిడాకులు. రాళ్ళ పొయ్యి. నేను ఊదుతుంటే పాలు అంచుదాకా వచ్చి, ఒక క్షణం ఆలోచించుకుని, పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. గిన్నె అడుగు మాడింది. కడగాలని ఎవరికీ తోచలేదు.

ఉత్పలకు ఎవరూ చెప్పలేదు. పొగ చూసి పరిగెత్తుకొచ్చింది. గిన్నె చూసింది, ద్వారబంధం చూసింది, నన్ను చూసింది. "ఎవరిల్లు అమ్మమ్మా ఇది?" అంది. నా నుదుట రోహిణమ్మ పెట్టిన బొట్టు ఉంది.

సంజెవేళకు వాళ్ళు బరువులతో తిరిగొచ్చారు. ముందు నడుస్తున్నది బంగారమ్మ. వాళ్ళలో పెద్దది, జబ్బు సోకేనాటికే ముసల్ది. సొరంగం దగ్గర ఆగిపోయింది. చెయ్యి చాపి గాలిని తడిమింది. వాళ్ళలో ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది, జనం వేడుక చూడటానికొచ్చారు.

"ఎవురిల్లు?" అని అడిగింది బంగారమ్మ.

అందరూ నావైపు చూశారు.

"రండమ్మా," అన్నాను. "లోపలికి రండి." ఎవరైనా గుమ్మంలో నిలబడితే నా నోరు అదే అంటుంది. బంగారమ్మ మర్యాదగా ఒక అడుగు వేసి చూసింది. కాలు గడప మీద ఆగిపోయింది.

"ఉండనివ్వమ్మా" అంది నాతో. నన్ను ఓదార్చినట్టు.


అయిదో వరుస

ఒక్కసారిగా రెండు వరుసలు ఎక్కింది వెలుగు. మబ్బు పల్చబడుతోంది. రేపో ఎల్లుండో చిరుగుతుంది.

చీకటివాళ్ళు సొరంగం ముందు బరకాల కింద కూర్చుంటున్నారు. బూడిదలో గొయ్యి తీస్తే నిమిషంలో పూడిపోతుంది. చూశారు, మానేశారు. బోగీల కింద దూరితే అటునుంచీ ఇటునుంచీ వెలుగే. గురవయ్య అనే అతను ఏమీ చెప్పకుండా పట్టాల వెంట వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్తారు?

ఉత్పల చాప తీసుకెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది. అన్నం పట్టుకెళ్ళాను.

"నీ ఇంట్లో తిండి నాకొద్దు."

"ఇది ఎస్ ఫైవ్ తిండి. సొరంగంది కాదు."

"ఎండొస్తే ఈయనతోపాటు నేనూ ఇక్కడే. ఈ లోపల ఈయనలాగా మారిపోతాను. అప్పుడు ఇద్దరికీ ఒకటే దహనం. నీకు పాలు కలిసొస్తాయి."

నోరు నా దగ్గర్నుంచే వచ్చింది, ఎవర్ననుకోను?

"నేనొప్పుకోనండి" అన్నాడు పైడిరాజు నాతో. బరకంలోంచి అతని ముంజేయి బయటికి కనిపించింది. కాలిన అరిటాకులా ఉంది. ఆ మబ్బు వెలుగుకే. "ఎంతడిగినా నేను కరవనండి. కానీ లెగమంటే లెగట్లేదు. మీరు సెప్పండి."

"నా మాట ఎప్పుడు విన్నది కనక?"

అప్పుడు అడిగాను. ఇన్నేళ్ళూ ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని.

"మొదటి చలికాలం నువ్వు ఎక్కడున్నావు?"

అతనికి ప్రశ్న అర్థమైంది. ఉత్పల అతని చెయ్యి పట్టుకుంది. "నేను కాదు" అనొచ్చు. ఎవరైనా అంటారు. నేనూ నమ్మినట్టు తల ఊపేదాన్నే.

"తెలీదండి" అన్నాడు. "ఆ సలికాలం నాకేటీ గుర్తులేదు. ఆకలొక్కటే గుర్తు. ఏ ఊళ్ళు తిరిగేనో, ఏటి సేసేనో... నేను కాదని సెప్పలేనండి. నేనేనని కూడా సెప్పలేను."

ఉత్పల అతని చెయ్యి వదల్లేదు. ఇది ఆమెకు ముందే తెలుసు. అంటే ఎప్పుడో చెప్పేశాడు.

అన్నం గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను. ఏదో ఒకటి అనిపించాలి కదా అని ఎదురుచూశాను. కాలు కొంకర్లు పోయింది, అంతే.


ఆఖరి వరుస

ఇవాళ జరిగింది వరసలో రాస్తాను.

పొద్దున్నే సొరంగంలో దీపం వెలిగించడానికి వెళ్ళాను. కొత్తింట్లో పదహారు రోజులు దీపం పెట్టాలని విశ్వంభరరావు పట్టుబట్టాడు, ఇల్లు ఇల్లుగానే ఉండాలని. బరకాల మధ్యలోంచి నడిచి వెళ్ళాను.

దీపం పెట్టి తిరగబోతే నేల మీద ఏదో కనిపించింది. గుండ్రంగా, పళ్ళెమంత. తెల్లగా. పైకి చూశాను. ఆవిరి రైళ్ళ కాలంలో పొగ పోవడానికి తవ్విన బిలం, కొండ పైదాకా. ఇన్నేళ్ళూ అది ఉందని కూడా మరచిపోయాం. దాంట్లోంచి వెలుగు పడుతోంది. పడుతున్నది బంగారమ్మ పడుకునే చోట. ఆమె పాత బొంత ఇంకా అక్కడే ఉంది.

నేను వెళ్ళి టార్పాలిన్ తెచ్చాను. కారణం లేకుండా ఏదీ కదలదని పిల్లలకు చెప్పినదాన్ని. ఆ వెలుగు ఆ బొంత మీద పడకూడదు, అంతే తోచింది. బొంతలో ఎవరూ లేరన్న సంగతీ, ఎవరూ రాలేరన్న సంగతీ తోచలేదు.

గోడకు పాత ఇనుప కొక్కేలున్నాయి. టార్పాలిన్ ఒక అంచు ఎలాగో తగిలించాను. రెండో అంచు నా వల్ల కాలేదు. స్టూలెక్కితే మోకాలు ఒప్పుకోలేదు. పట్టుకుంటే జారుతోంది, లాగితే బూడిదంతా మొహాన పడుతోంది. బయట గోల మొదలైంది. పసిపిల్లలు ఏదో చూసి అరుస్తున్నారు. వాళ్ళు పుట్టాక ఎండ చూడలేదు. నేల మీది పళ్ళెం పసుపు రంగుకు తిరిగింది.

గడప అవతల బరకం కప్పుకుని పైడిరాజు చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఒరేయ్ పైడిరాజూ! గుంజలా అలా నిలబడి చూడకపోతే వచ్చి ఆ కొస పట్టుకోకూడదూ? డెబ్బై నాలుగేళ్ళ ముసల్దాన్ని, దీన్ని నేనొక్కదాన్నే కట్టాలా?"

"ఆఁ, వస్తన్నానండి" అని వచ్చాడు. కొస అందుకున్నాడు. కొక్కేనికి తగిలించి, లాగి, ముడి వేశాడు. గ్యాంగ్‌మన్ ముడి, బిగువుగా ఉంది. "ఇటేపు జారతాదండి, ఇంకో తాడుండాలి" అన్నాడు.

"ఉంటే ఇవ్వనా?" అన్నాను.

అప్పుడు చూశాం. అతనూ, నేనూ, గుమ్మంలో ఉత్పలా. అతని రెండు కాళ్ళూ నా ఇంట్లో ఉన్నాయి.

చుట్టాన్ని కూర్చోబెడతాం, పని చెప్పం. పని చెప్పేది ఇంట్లోవాళ్ళకే. ఆ సంగతి నాకంటే ముందు గడపకు తెలిసినట్టుంది.

ఉత్పల ఏడుస్తోంది. దానికి టైము లేదని కసిరాను. బయట బరకాల అంచుల్లోంచి పొగలొస్తున్నాయి. గుమ్మంలోకెళ్ళి నిలబడ్డాను. ఊరికే రమ్మంటే రాలేరని తెలుసు. నా మర్యాద మీద నాకంత నమ్మకం.

"బంగారమ్మా! పాలగిన్నె మాడు అలాగే ఎండిపోతోంది, ఎవరు తోముతారు? నువ్వు, ఆ పొడుగబ్బాయీ, పొయ్యి రాళ్ళు తీసెయ్యి, కాలికి తగులుతున్నాయి. నువ్వు తాడు వెతుకు. నువ్వు ఊడువు. నువ్వు... నీకేం వచ్చు?"

"పాటలొచ్చండి" అన్నదొక పిల్ల.

"ఆ పని తర్వాత. ముందు చీపురందుకో."

ఒక్కొక్కరే వచ్చారు. ఇంట్లో అంత పని ఉందని నాకూ తెలియదు. చివరివాడు లోపల పడ్డాక తలుపు వేశాను. తలుపు సందులోంచి ఎండ గీతలా నేల మీద పడింది, దాన్ని తప్పించుకుని అందరూ గోడవైపు జరిగారు.

గురవయ్య ఆనవాలు మధ్యాహ్నం దొరికింది. మలుపు దగ్గర, పట్టాల మీద. చొక్కా గుండీలు, బెల్టు బకిలీ. అతని కోసం కూడా ఏదో పని ఉండే ఉంటుంది. అడగడానికి అతను దగ్గర్లో లేడు. గుండీలు తెచ్చి దీపం పక్కన పెట్టాను.

విశ్వంభరరావు వచ్చాడు. ఎండలో అతని నీడ అతనికంటే ముందొచ్చింది. పిల్లలు దాని మీద ఎక్కి తొక్కుతున్నారు. గుమ్మం దగ్గర ఆగి, తలుపు ఓరగా తోసి లోపలికి చూశాడు. బంగారమ్మ బూడిదతో గిన్నె తోముతోంది.

"మేడమ్, ఇదేం పని? రేపటి నుంచీ వీళ్ళకు నెత్తురెవరిస్తారు?"

"మొదటి వంతు నాది. తర్వాత ఉత్పలది. ఆ తర్వాత రోహిణమ్మనడుగుదాం, మెత్తనిదన్నారుగా. రాత్రిపూట పొలం దున్నడానికి ఇంతమంది కూలీలు మీకెక్కడ దొరుకుతారో లెక్కేసుకోండి. రండి, లోపలికి రండి, కాస్త కాఫీ తాగి వెళ్దురు గాని."

అతనికి ఏ జబ్బూ లేదు. గడప అతన్ని ఆపదు. అయినా చాలాసేపు అక్కడే నిలబడి, "ఉండనివ్వండి" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సిగ్నల్ స్తంభం దగ్గరికి వెళ్ళాను. ఉద్యోగం ఉద్యోగమే. ఎండ మెడ మీద చురుక్కుమంది. అట్ట మీద ఆఖరి వరుస దాకా చదివాను. ఇన్నేళ్ళూ అక్కడ ఏదో రాసి ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. ఉత్త అక్షరాలు, పదం కూడా కావు.

వైదేహి ఇది చూస్తే ఏమనేదో తెలియదు. నన్ను క్షమించేదని రాసుకోను. ఆ పిల్ల అంత తేలిగ్గా క్షమించే రకం కాదు.

ఇది సొరంగంలో దీపం దగ్గర కూర్చుని రాస్తున్నాను. పక్కన వామనగుంటల పీట మొత్తం లోపలే ఉంది. తన గింజలు తనే వేసుకుంటున్నాడు పైడిరాజు. ఉత్పల ఇప్పుడే ఒకటి నొక్కేసింది, నేను చూశాను. అతనూ చూశాడు.

గిన్నె మాడు పూర్తిగా పోలేదు. రేపు పైడిరాజుకు చెప్పాలి.